శుక్రవారం రాత్రి మావాడు ఎవరి దగ్గర ఉన్నట్టు?

2025 జూలై 11, శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నరకి మా బావమరిదిని పోలీసులు ఇంటి దగ్గర నుంచి తీసుకెళ్లారు. ఈ మాట ఏ కాగితంలోనూ లేదు. కాగితాల ప్రకారం వాణ్ని అరెస్టు చేసింది మర్నాడు సాయంత్రం ఐదింటికి, ఊరి చివర బస్టాపు దగ్గర. ఆ మధ్య ఇరవై గంటలు మావాడు ఎక్కడున్నాడంటే నాకు తెలుసు, మా ఆవిడకి తెలుసు, మా అత్తగారికి తెలుసు. ప్రభుత్వానికే తెలియదు.

నేను మా ఊరి సహకార సంఘంలో గుమాస్తాని. ఎరువుల గోడౌను నా చేతి కింద ఉంటుంది. లారీ దిగిన ప్రతి యూరియా కట్టకీ ఇన్‌వాయిస్ ఉండాలి, స్టాక్ రిజిస్టరులో తేదీ పడాలి, రైతు తీసుకెళ్లేటప్పుడు మిషన్ మీద వేలిముద్ర పడాలి. ఒక్క కట్ట తగ్గినా నా జీతంలోంచి పట్టుకుంటారు. పదిహేడేళ్లుగా అలవాటైపోయిన చూపు కదా, ఆ మూడు వారాలూ నాకు ప్రతిచోటా అదే కనపడింది. మనిషిని ఎవరు ఎవరికి అప్పగించారు? ఎన్నింటికి? సంతకం ఏది?

మావాడు అమాయకుడని రాయబోవడం లేదు. దుక్కి దున్నించేటప్పుడు పక్క పొలం ఆసామి ట్రాక్టరు గట్టుని ఓ అడుగు కోసేసింది. ఇదే గట్టు మీద అంతకుముందే రెండుసార్లు పంచాయితీ అయింది. ఈసారి మాటామాటా పెరిగి మావాడు పార తిరగేసి కొట్టాడు. ఆయన ముంజేతి ఎముక విరిగింది. కేసు పెట్టడం న్యాయమే. ఆ ఆసామి ఆసుపత్రిలో ఉంటే నేను వెళ్లి చూసొచ్చాను కూడా, మొహం చెల్లక ఎక్కువసేపు కూర్చోలేకపోయాను. నేను చెప్పేది ఆ తర్వాత సంగతి.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకి నేనూ మా ఆవిడా స్టేషన్‌కి వెళ్లాం. స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ మర్యాదగానే మాట్లాడాడు.

"విచారణకి పిలిచామండీ. అరెస్టేం చెయ్యలేదు."

"మరైతే ఇప్పుడు ఇంటికి తీసుకెళ్తాను. పొద్దున్నే ఏడింటికల్లా నేనే తీసుకొస్తా."

"అదెట్లా కుదురుద్దండీ? ఎస్సై గారు రావాలి."

తలుపు సందులోంచి లోపలి గది కనిపిస్తోంది. మావాడు కంప్యూటర్ బల్ల పక్కన నేల మీద కూర్చున్నాడు, మోకాళ్లు ముడుచుకుని. బల్ల మీద వాడి సెల్‌ఫోన్, పర్సు, వాటి పక్కన పాములా చుట్టిపెట్టిన బెల్టు. నా కళ్లు ఆ బెల్టు మీదే ఆగిపోయాయి. అరెస్టు చెయ్యని మనిషి బెల్టు విప్పి బల్ల మీద ఎందుకు పెట్టారు? అడుగుదామనుకున్నాను గానీ అడగలేదు. స్టేషన్‌లో నిలబడితే మనకి సగం మాటలు గొంతులోనే ఉండిపోతాయి.

బయటికొచ్చాక మా ఆవిడ ఒక్కటే అడిగింది. "అరెస్టు చెయ్యలేదంటారు, పంపరు. మరి వాడిప్పుడు ఎవరి దగ్గర ఉన్నట్టండీ?"

మా సంఘం కేసులు చూసే ప్లీడరు గారు ఒకావిడ ఉన్నారు, యాభై దాటినావిడ. రాత్రి పదకొండింటికి భయపడుతూనే ఫోన్ చేశాను. ఆవిడ అంతా విని ముందు అడిగింది, "ఎన్నింటికి తీసుకెళ్లారు? కచ్చితంగా చెప్పండి గుమాస్తా గారూ." ఎనిమిదిన్నర, టీవీలో సీరియల్ అప్పుడే మొదలైంది అన్నాను. "సరే. ఈ టైము, తీసుకెళ్లిన వాళ్ల వివరం, స్టేషన్‌లో మీరు చూసింది నాలుగు లైన్లు రాసి నాకు వాట్సాప్ పెట్టండి. అదే ఎస్పీ ఆఫీసు మెయిల్‌కి కూడా పంపండి. ఇప్పుడే. తెల్లారాక కాదు."

ఆవిడ జూనియర్‌గా ఉన్న రోజుల్లో ఇలాంటి రాత్రి ముందు తారాఫీసుకి పరిగెత్తేవాళ్లట. ఎస్పీకి ఒకటి, మెజిస్ట్రేటుకి ఒకటి టెలిగ్రాం కొట్టేవాళ్లు. దాని మీద పడే టైము ముద్రని ఎవరూ మార్చలేరు కాబట్టి. 2013లో టెలిగ్రాంలు ఆగిపోయాయి. నా మెయిల్ వెళ్లింది రాత్రి 11.52కి. అది చదివారో లేదో ఇప్పటికీ తెలియదు. కానీ ఆ 11.52 తర్వాత చాలాచోట్ల పనికొచ్చింది.

రూలు చిన్నదే. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోపు మెజిస్ట్రేటు ముందు పెట్టాలి. ప్రయాణానికి పట్టే టైము మాత్రం అందులోంచి తీసేస్తారు. ఇది రాజ్యాంగం 22వ ఆర్టికల్‌లోనే ఉంది. అరెస్టు, దర్యాప్తు, విచారణ ఎలా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 57వ సెక్షన్, దాని బదులు 2024 జూలై 1 నుంచి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 58. ఆదివారమైనా పండగైనా గడియారం ఆగదు, కోర్టుకి సెలవైతే జడ్జి గారి ఇంటికి తీసుకెళ్లాలి. ఆ 24 గంటలు దాటాక మెజిస్ట్రేటు ఆర్డరు లేకుండా పోలీసులకి ఆ మనిషి మీద హక్కు లేదు. ఇంతవరకు చాలామందికి తెలుసు, సినిమాల్లో కూడా చెప్తారు. తిరకాసంతా ఆ 24 గంటలు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలన్న దగ్గరే ఉంది.

ప్లీడరు గారు చెప్పింది ఇది. "కాగితం రాసినప్పుడు కాదండీ. మనిషి తన ఇష్టానికి లేచి బయటికి రాలేకపోయిన నిమిషం నుంచే కస్టడీ. 2024లో తెలంగాణ హైకోర్టు కూడా అదే చెప్పింది, పట్టుకున్న టైము నుంచి లెక్కే గానీ మెమో మీద రాసిన టైము నుంచి కాదని. కానీ కోర్టులో మన మాట నిలబడాలంటే మన దగ్గర టైము ఉండాలి."

ఆ రాత్రి మా అత్తగారు నిద్రపోలేదు, మమ్మల్ని పోనివ్వలేదు.

మర్నాడు రెండో శనివారం. కోర్టు లేదు. ఉదయం ప్లీడరు గారు నాతో పాటు స్టేషన్‌కి వచ్చి క్లయింటుని కలవాలన్నారు. విచారణ జరిగేటప్పుడు లాయరుని కలిసే హక్కు బీఎన్ఎస్ఎస్ 38వ సెక్షన్‌లో ఉంది, మొత్తం విచారణంతా పక్కన కూర్చోవడానికి కుదరదు గానీ కలవనివ్వాలి. హెడ్ కానిస్టేబులు నవ్వి, "అరెస్టే చెయ్యలేదు కదా మేడమ్, లాయరెందుకు?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అరెస్టు కాలేదు కాబట్టి లాయరు అక్కర్లేదు, ములాఖత్ లేదు, 24 గంటల లెక్క లేదు. అలాగని ఇంటికీ పంపరు. గోడౌన్‌లో సరుకు దించుకుని రిజిస్టరులో ఎక్కించకుండా ఉంచితే దాన్ని మా ఆడిటర్లు ఏమంటారో ఇక్కడ రాయలేను.

టిఫిన్ మాత్రం లోపలికి పంపారు. ఆ మాట కూడా చెప్పాలి.

ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకి సాధారణంగా నోటీసు ఇచ్చి పిలవాలి, అరెస్టు అవసరమైతే కారణం రాయాలి. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిన సంగతి అది. మాకూ నోటీసు ఇచ్చేస్తే పోతుంది కదా అనుకున్నాను. కానీ ఆయుధంతో కొట్టి ఎముక విరగ్గొడితే, ఐపీసీ బదులు వచ్చిన శిక్షల చట్టం బీఎన్ఎస్‌లో 118(2) సెక్షన్, యావజ్జీవం దాకా పడొచ్చు. నోటీసు ఆశ అక్కడే పోయింది.

సాయంత్రం ఏడింటికి నాకు ఫోనొచ్చింది, ఆధార్ జిరాక్స్ తీసుకుని రమ్మని. వెళ్తే హెడ్ కానిస్టేబులు ఒక కాగితం ముందు పెట్టాడు. అరెస్టు మెమో. అప్పటికే నింపేశారు. తేదీ 12, సమయం సాయంత్రం 5 గంటలు, స్థలం బస్టాపు. కింద మావాడి సంతకం అయిపోయింది. సాక్షి సంతకం దగ్గర ఖాళీ.

అరెస్టు మెమో మీద ఇంట్లోవాళ్లో, ఆ చుట్టుపక్కల పెద్దమనుషులో కనీసం ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన షరతు ఇది, తర్వాత చట్టంలోకి వచ్చింది. మనుషుల్ని గుట్టుగా ఎత్తుకుపోకుండా ఉండటానికి పెట్టిన సంతకం. ఆ సంతకమే నా ముందుకొచ్చి, సాయంత్రం ఐదింటి దాకా మావాడు స్వేచ్ఛగా తిరుగుతున్నాడని నా చేత చెప్పించబోతోంది.

పెన్ను చేతిలో పెట్టారు. నేను ఫోన్ చేసుకుంటానని వరండాలోకి వచ్చాను.

"పెట్టకపోతే ఇంకెవరి చేతనైనా పెట్టిస్తారు, మనకి కాపీ కూడా రాదు," అన్నారు ప్లీడరు గారు. "పెట్టండి. కానీ సంతకం కింద మీరు సంతకం పెడుతున్న టైము రాయండి. ధైర్యముంటే నిన్న రాత్రి నుంచి ఇక్కడే ఉన్నాడని కూడా రాయండి."

సంతకం పెట్టాను. కింద "12-7-2025, రాత్రి 7.10" అని రాశాను. రెండో మాట రాయలేదు. వాడు లోపల ఉన్నాడు, రాత్రంతా ఉంటాడు, నేను రాసినదానికి వాడి మీద ఏం పడుతుందో అనిపించింది. పదిహేడేళ్లలో తప్పుడు తేదీ ఉన్న ఎంట్రీ కింద నేను ఒక్కసారి కూడా సంతకం పెట్టలేదు. ఆ రోజు పెట్టాను. ఇప్పటికీ అది నాకు మింగుడు పడలేదు.

మెమోతో పాటు ఎందుకు అరెస్టు చేశారో రాసిన కాగితం ఒకటి తెలుగులో ఇచ్చారు. అదేదో దయ కాదు. 2025 ఫిబ్రవరిలో హర్యానా కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు, కారణాలు అర్థమయ్యేలా తెలియజేయకపోతే అరెస్టే చెల్లదని చెప్పింది. అప్పట్నుంచి ఈ కాగితం దగ్గర మాత్రం స్టేషన్లు జాగ్రత్తపడుతున్నాయని ఆవిడ అన్నారు.

ఆదివారం ఉదయం ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష చేయించారు. కుర్ర డాక్టరు, కానిస్టేబుళ్లని తలుపు బయట నిలబడమని చెప్పి అడిగిందట, ఎవరన్నా కొట్టారా అని. లేదన్నాడు. నిజమే, కొట్టలేదు. గట్టు మీద పడ్డప్పుడు గీసుకున్న మోకాలు మాత్రం రాసింది.

మధ్యాహ్నం మూడింటికి జడ్జి గారి ఇంటికి తీసుకొచ్చారు. బేడీలు లేవు. కొత్త చట్టంలో బేడీలు ఏయే కేసుల్లో వేయొచ్చో ఓ జాబితా ఉంది, గట్టు తగాదా అందులో రాదు. కానీ జీపు దిగినప్పుడు చూశాను, కానిస్టేబులు తన చిటికెన వేలిని మావాడి చిటికెన వేలికి మెలేసి పట్టుకున్నాడు. దూరం నుంచి చూస్తే జాతరకి పోతున్న స్నేహితుల్లా ఉన్నారు. మెమోలు, సెక్షన్లు ఎన్ని ఉన్నా, కస్టడీ అన్న మాట వినగానే నాకు గుర్తొచ్చేది ఆ రెండు వేళ్లే.

లోపలికి ప్లీడరు గారిని ఒక్కరినే పంపారు, నేను గేటు దగ్గరే. తర్వాత ఆవిడ చెప్పింది ఇది. జడ్జి గారు మావాణ్ని నేరుగా అడిగారు, ఎప్పుడు పట్టుకున్నారు, కొట్టారా, కారణం చెప్పారా, లాయరు ఉన్నారా అని. మావాడు "నిన్న సాయంత్రం సార్" అన్నాడు. దార్లో జీపులో అలా చెప్పమని చెప్పారట. అప్పుడు ఆవిడ నా మెయిల్ ప్రింటు, వాట్సాప్ మెసేజీ, మెమో మీద నా సంతకం కింద ఉన్న 7.10 చూపించి, శుక్రవారం రాత్రి నుంచి లెక్క వేస్తే 42 గంటలు దాటిందని చెప్పారు. జడ్జి గారు మళ్లీ అడిగారు, ఈసారి పోలీసుల్ని బయటికి పంపి. మావాడు నిజం చెప్పాడు.

సినిమా అయితే అక్కడే వదిలేసేవాళ్లు. ఇక్కడ జడ్జి గారు ఆ అభ్యంతరాన్ని, మావాడు చెప్పినదాన్ని ఆర్డరులో రాసుకుని, గాయం తీవ్రత చూసి 14 రోజులు రిమాండ్ ఇచ్చారు. స్టేషన్ సీసీ కెమెరా రికార్డు భద్రపరచాలని మేం తర్వాత పిటిషన్ వేశాం. ఆ రికార్డు వీలైతే 18 నెలలు, తక్కువలో తక్కువ ఏడాది ఉంచాలని 2020లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రెండు రోజులూ కెమెరా రిపేరులో ఉందని జవాబొచ్చింది. పిటిషన్ ఇంకా వాయిదాల్లో ఉంది.

జడ్జి గారి సంతకం పడ్డాక అదే జీపు, అదే కానిస్టేబుళ్లు, అదే చిటికెన వేలు. నా కంటికి ఏమీ మారలేదు. ప్లీడరు గారు మాత్రం గేటు బయట ఊపిరి పీల్చుకుని, "ఇక వాడు స్టేషన్ మనిషి కాదు, కోర్టు మనిషి. వీళ్లు ఇప్పుడు మోసుకెళ్లేవాళ్లే," అన్నారు. రిమాండ్ అంటే మనవాళ్లు శిక్ష అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. తీరా చూస్తే మనిషిని పోలీసు చేతిలోంచి తీసి కోర్టు తన చేతిలోకి తీసుకోవడం అది. కోర్టుకి గదులు లేవు కాబట్టి జైలులో ఉంచుతుంది. జైలు అధికారి కోర్టు వారెంటు మీద వాణ్ని దాచిపెట్టే మనిషి. కోర్టు చెప్పకుండా ఎస్పీ వచ్చి అడిగినా అప్పగించడానికి లేదు.

సబ్‌జైలు గేటు దగ్గర నాకు మొదటిసారి స్టాక్ రిజిస్టరు కనిపించింది. గేటు దాకా వెళ్లనిచ్చారు కాబట్టి కిటికీలోంచి చూశాను. వారెంటులో పేరు, తండ్రి పేరు, కేసు నంబరు ఒక్కొక్కటే గట్టిగా చదివి సరిచూసుకున్నారు. పుట్టుమచ్చలు రాసుకున్నారు. చొక్కా విప్పించి వీపు, చేతులు చూశారు. మోచేతి మీద ఒక గీత ఉంది, ఆసుపత్రి కాగితంలో లేదు. జైలు ఆయన కలం ఆపేశాడు. "ఇది కాగితంలో లేదేంటి?" జీపు ఎక్కేటప్పుడు గీసుకుందని కానిస్టేబులు అన్నాడు. మావాడూ అవునన్నాడు. అయినా ఆయన ఆ గీత పొడవు రాసి, కానిస్టేబులు చేత పక్కన సంతకం చేయించుకుని, అప్పుడు గేటు తీశాడు.

చూస్తున్న నాకు భలే నచ్చిందా మనిషి తీరు. ఆయనకి మావాడి మీద ప్రేమేం లేదు, రేపు ఆ గీత తన మెడకి చుట్టుకోకూడదు, అంతే. ఎవరి కస్టడీలో ఉంటే ఆ మనిషి ఆరోగ్యం, భద్రత చూసుకునే పూచీ వాళ్లదేనని చట్టంలోనే ఉంది, బీఎన్ఎస్ఎస్ 56వ సెక్షన్. ప్రేమ కన్నా ఆ భయమే మనిషిని ఎక్కువ కాపాడుతుందేమో. శుక్రవారం రాత్రి ఎవరికీ ఆ భయం లేదు, ఎందుకంటే వాడు ఎవరి లెక్కలోనూ లేడు.

ఆ రాత్రి మా ఆవిడ పడుకునే ముందు, "జైల్లో ఉన్నాడంటే హాయిగా ఉందండీ," అంది. అని తనే ఏడ్చింది.

మంగళవారం కొత్త టెన్షన్. పార స్వాధీనం చేసుకోవాలి, రెండు రోజులు పోలీసు కస్టడీకి ఇవ్వండని స్టేషన్ నుంచి పిటిషన్ పడింది. కోర్టు చేతిలో ఉన్నవాణ్ని మళ్లీ పోలీసుల చేతికి ఇస్తారా అంటే, ఇస్తారు. మొత్తం కలిపి 15 రోజులకి మించి ఇవ్వరు. పాత చట్టం కింద ఆ 15 రోజులూ మొదటి రిమాండ్ నుంచి 15 రోజుల్లోనే అయిపోవాలి, 1992 నాటి అనుపమ్ కులకర్ణి తీర్పు అది. పదహారో రోజు నుంచి ఇంట్లోవాళ్లు నిశ్చింతగా పడుకోవచ్చు. కొత్త చట్టంలో ఆ 15 రోజుల్ని కేసుని బట్టి మొదటి 40 లేదా 60 రోజుల్లో ఎప్పుడైనా, ముక్కలు ముక్కలుగా అడగొచ్చు. మా కేసుకి 60. దర్యాప్తుకి ఇది అవసరమని చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్ల కారణాలు వాళ్లవి. ఇంట్లో కూర్చున్నవాళ్లకి మాత్రం అరవై రోజుల పాటు ఏ రోజు మళ్లీ తీసుకెళ్తారో అన్న గుబులు.

జడ్జి గారు ఒక్క రోజు ఇచ్చారు, 17వ తేదీ గురువారం, పది నుంచి ఐదు దాకా. లాయరు చూపు మేరలో ఉండాలి, మాటలు వినపడే దూరంలో కాదు. తీసుకెళ్లే ముందు ఒకసారి, తెచ్చాక ఒకసారి డాక్టరు పరీక్ష. ఆర్డరు ఇచ్చేటప్పుడు మావాణ్ని కోర్టుకి స్వయంగా రప్పించారు. జైలు రిమాండ్ పొడిగించడానికి వీడియోలో చూసినా సరిపోతుంది గానీ, పోలీసులకి ఇవ్వాలంటే మనిషిని ఎదురుగా చూడాల్సిందే. ఈ రూలు పెట్టినవాళ్లెవరో లోకం తెలిసినవాళ్లు.

పార మావాడి పశువుల కొట్టంలోనే ఉంది. చూపించాడు. పోలీసులకి చెప్పిన మాట సాక్ష్యంగా పనికిరాదట, కానీ ఆ మాట వల్ల వస్తువు దొరికితే అంత మేరకి పనికొస్తుందట. ఆ పార కోసమే ఇంత తతంగం. జైలు రిజిస్టరులో "కోర్టు ఉత్తర్వు మేరకు పోలీసు వారికి అప్పగించడమైనది" ఉదయం 10.20, తిరిగి చేరింది 4.50. మా ప్లీడరు గారి జూనియరు ఆ రెండు టైములూ రాసుకుని వచ్చి నాకు చూపించాడు, నేను అడుగుతానని వాడికి తెలుసు.

బెయిల్ సంగతి త్వరగా చెప్పేస్తాను. మెజిస్ట్రేటు కోర్టులో 21న కొట్టేశారు. జిల్లా కోర్టులో వేశాం. ఈలోగా మొదటి 14 రోజులు అయిపోతే, వీడియోలో చూసి మళ్లీ పొడిగించారు. చార్జిషీటు 90 రోజుల్లో వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుందని విన్నాను. ఆ 90 ఎప్పటి నుంచి లెక్కపెడతారని ఆవిణ్ని అడిగితే, చాగంటి సత్యనారాయణ కేసని మన ఆంధ్రప్రదేశ్ కేసే ఉందన్నారు, 1986లో సుప్రీంకోర్టు తేల్చింది. రిమాండ్ ఇచ్చిన రోజు నుంచే లెక్క, అరెస్టు రోజు నుంచి కాదు. అంటే మా శుక్రవారం రాత్రి ఆ లెక్కలోకీ రాదు.

30వ తేదీన జిల్లా కోర్టు బెయిల్ ఇచ్చింది. చెరో 20 వేలకి ఇద్దరు షూరిటీలు, అంటే పూచీ ఉండేవాళ్లు, ప్రతి ఆదివారం స్టేషన్‌లో సంతకం. ఒక షూరిటీ నేను, రెండోది మా పెదనాన్న కొడుకు. 31న మెజిస్ట్రేటు కోర్టులో ఇంటి పన్ను రసీదులు, నా జీతం సర్టిఫికెట్, అఫిడవిట్లు అన్నీ పెట్టేసరికి సాయంత్రం నాలుగున్నర. విడుదల కాగితం తీసుకుని జైలుకి చేరేసరికి ఆరుంబావు, అప్పటికే లెక్క చూసి తాళాలు వేసేశారు. బతిమాలితే కాగితం తీసుకుని చూశారు. వారెంటులో తండ్రి పేరు చివర "య్య". విడుదల కాగితంలో "రావు". మా మామగారు చచ్చి పన్నెండేళ్లయింది, ఆయన పేరు తోక మీద అల్లుడు జైలు గేటు ముందు వాదిస్తున్నాడు.

"కోర్టు సరిచేసి ఇస్తేగానీ వదల్లేనండీ. రేపు ఇంకొకణ్ని వదిలేశానంటారు." అదే మనిషి. గీత పొడవు కొలిచినాయన. ఆ రోజు మెచ్చుకున్న నేను ఆ రాత్రి ఆయన్ని మనసులో నానా మాటలూ అన్నాను. బెయిల్ ఆర్డరు కాపీని అదే రోజో మర్నాడో మెయిల్లో జైలుకి పంపాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది, మాదీ వెళ్లింది. కానీ తాళం తీయించేది షూరిటీలు అయ్యాక మెజిస్ట్రేటు ఇచ్చే కాగితం. దాంట్లోనే తప్పు పడింది.

చట్టం వదిలెయ్యమన్న మనిషి ఆ రాత్రి కూడా లోపలే ఉన్నాడు. వాడు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నట్టని ఈసారి మా ఆవిడ అడగలేదు, నేనే ప్లీడరు గారిని అడిగాను. "కోర్టు గుమాస్తా చేతిరాత దగ్గర," అన్నారావిడ. కోపంగానే అన్నారు.

ఆగస్టు 1, శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి బయటికొచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో బెల్టు, పర్సు, సెల్‌ఫోను. బెల్టు పెట్టుకుంటే ఒక కన్నం లోపలికి వెళ్లింది. ఫీజులు, కాగితాలు, కార్లు అన్నీ కలిపి నాకు 42 వేలు అయింది. అవతలాయన చెయ్యికి ఇంకా కట్టు ఉంది.

దార్లో కార్లో ప్లీడరు గారు ఒక మాట చెప్పారు. బెయిల్ అంటే అసలు అర్థం మనిషిని షూరిటీల చేతికి అప్పగించడమేనట, పూర్వం నుంచీ. "ఇప్పుడు మీ కస్టడీలో ఉన్నాడు గుమాస్తా గారూ. పారిపోతే మీ మీదికొస్తుంది." మావాడు వెనక సీట్లో కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు, వినలేదు.

ఆదివారం నా బండి మీదే స్టేషన్‌కి తీసుకెళ్లాను. అదే రైటర్, అదే బల్ల. రిజిస్టరు తిప్పి పెట్టాడు. మావాడు సంతకం పెట్టి తేదీ వేసి పెన్ను ఇవ్వబోతుంటే నేను ఆపాను.

"టైము కూడా రాయరా."

"టైము అక్కర్లేదండీ, తేదీ చాలు," అన్నాడు రైటర్.

"పర్లేదులెండి. రాయనివ్వండి."

గోడ గడియారం చూసి 10.25 అని రాశాడు.